కౌన్సెలర్‌ను నియమిస్తే సరిపోతుందా? పిల్లల మనోక్షేమం, బడి వాతావరణం

విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. దర్యాప్తు జరిగిన తీరు మీద ఆమె తండ్రి చేసిన న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసును సీబీఐకి అప్పగించింది. అదే తీర్పులో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు జారీ చేసి, తగిన చట్టం వచ్చేదాకా వాటినే చట్టంగా పాటించాలని చెప్పింది.

తీర్పు వచ్చాక ఎక్కువగా చర్చకు వచ్చింది ఒక్క నిబంధన: వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత కలిగిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించుకోవాలి. యాజమాన్యాలకు ఇది తేలిగ్గా అర్థమయ్యే భాష. ఒక పోస్టు, ఒక గది, తలుపు మీద ఒక బోర్డు. తనిఖీకి వచ్చినవారికి చూపించడానికీ వీలు. అయితే తీర్పులోని మిగతా అంశాలను వరుసగా చదివితే న్యాయస్థానం చూపు ఆ గది దగ్గర ఆగలేదని తెలుస్తుంది. మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టవద్దని, అందరి ముందూ అవమానించవద్దని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టవద్దని విద్యాసంస్థలకు, ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలకు చెప్పింది. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలంది. వేధింపుల మీద గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలంది. తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలంది. అణగారిన వర్గాల పిల్లలతో మెలగడంలో సిబ్బందికి ప్రత్యేకంగా సున్నితత్వం నేర్పాలంది. ఇవన్నీ కలిపి చూస్తే తీర్పు అడుగుతున్నది బడి మొత్తం స్వభావం మారాలని. ఈ వ్యాసం పరిశీలిస్తున్నది ఆ మార్పు ఎలాంటిదో, ఎక్కడ సాధ్యమైందో, ఎందుకు కష్టమో.

కౌన్సెలర్ దగ్గర ఒక విద్యార్థి గడిపే సమయం, మహా అయితే, వారానికి అరగంట. మిగిలిన సమయమంతా ఆ బిడ్డ మెలిగేది గేటు దగ్గర వాచ్‌మన్‌తో, బస్సు డ్రైవరుతో, ఆయాతో, పీఈటీ సార్‌తో, మెస్‌లో వడ్డించే మనిషితో, హాస్టలైతే వార్డెన్‌తో, ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌తో. ఆలస్యంగా వచ్చిన ఏడో తరగతి పిల్లవాడి సంగతే తీసుకోండి. గేటు దగ్గర పది నిమిషాలు నిలబెట్టి, డైరీలో ఎర్ర ఇంకుతో రాసి, ప్రార్థన అయ్యాక ‘లేట్ కమర్స్’ వరుసలో అందరికీ ఎదురుగా నిలబెడితే, వాడి రోజు ఎలా ఉండబోతోందో మొదటి గంట కొట్టకముందే తేలిపోతుంది. వాడి తల్లి నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదని, చెల్లెల్ని అంగన్‌వాడీలో దిగబెట్టి వచ్చాడని కనుక్కునే ప్రశ్న ఆ వరుసలో ఎవరూ అడగరు. అదే పిల్లవాణ్ని తరువాత కౌన్సెలర్ దగ్గరికి పంపి ‘బిహేవియర్ ప్రాబ్లమ్’ అని చీటీ రాస్తే, బడి ఒక చేత్తో గాయం చేసి ఇంకో చేత్తో పట్టీ వేస్తున్నట్టే.

బడే పిల్లల్ని ఆదరించి పెంచే చోటు కావాలన్న ఆలోచనకు ఒక స్పష్టమైన రూపం లండన్‌లో ఏర్పడింది. 1969–70 ప్రాంతంలో హాక్నీలోని ప్రాథమిక పాఠశాలల నుంచి ప్రత్యేక పాఠశాలలకో చికిత్సాలయాలకో పంపించాల్సినవారుగా ముద్రపడిన చిన్నపిల్లలు పెద్ద సంఖ్యలో వస్తుండేవారు. కొట్టడం, కొరకడం, నోరు విప్పకపోవడం, ఒక్కచోట కూర్చోలేకపోవడం వంటివి ఫిర్యాదులు. విద్యా మనస్తత్వవేత్త మార్జొరీ బాక్సల్ వీరిని చూసి వేరే నిర్ణయానికి వచ్చారు. పేదరికం, వలస, ఇంటి ఒత్తిళ్ల వల్ల మొదటి మూడేళ్లలో అందాల్సిన లాలన, క్రమం, నమ్మకం అందక, బడి వయసుకు వచ్చినా బడికి కావలసిన సన్నద్ధత వీరికి రాలేదని ఆమె భావించారు. తల్లీబిడ్డల అనుబంధం మీద బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చేసిన కృషి ఆ ఆలోచనకు పునాది.

ఆమె చేసిన ఏర్పాటు ఇది: మామూలు బడిలోనే ఒక గది, పదిమంది దాకా పిల్లలు, ఇద్దరు పెద్దలు. ఒకరు టీచరు, ఒకరు సహాయకురాలు. గదిలో సోఫా, చిన్న వంటగట్టు, భోజనాల బల్ల, చదువుకునే బల్లలు. పొద్దున్నే అందరూ కూర్చుని అల్పాహారం తింటారు. రొట్టె ముక్కకు వెన్న రాసుకునే కత్తి ఒకటే ఉంటే తన వంతు వచ్చేదాకా ఆగడం, పళ్లెం పక్కవాడికి అందించడం, ‘నీకు జామ్ కావాలా’ అని అడగడం, అడిగినదానికి జవాబివ్వడం, ఇవన్నీ ఆ బల్ల దగ్గరే నేర్చుకుంటారు. ఇద్దరు పెద్దలు ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడుకోవడం, అభిప్రాయ భేదం వచ్చినా కేకలు వేయకుండా తేల్చుకోవడం పిల్లల కళ్ల ముందు జరగాలన్నది కూడా ఆ పద్ధతిలో భాగమే. ముఖ్యమైన సంగతేమిటంటే, ఈ పిల్లల పేర్లు తమ అసలు తరగతి హాజరుపట్టీలోనే ఉంటాయి. ఆటలకూ అసెంబ్లీకీ వాళ్లు తమ తరగతితోనే కలుస్తారు. రెండు నుంచి నాలుగు టర్ములయ్యాక పూర్తిగా తమ తరగతికే తిరిగి వెళ్తారు. వెలివేయడం ఇందులో లేదు.

ఇంగ్లండ్‌లో ప్రత్యేక విద్యపై 1978లో వచ్చిన వార్నాక్ నివేదిక ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంది. తరువాత కొంతకాలం వెనకబడినా, 1990ల నుంచి మళ్లీ పుంజుకుంది. ఆ అనుభవంలోంచి ఆరు సూత్రాలు తేలాయి: పిల్లల చదువును వయసును బట్టి కాక ఎదుగుదలను బట్టి అర్థం చేసుకోవాలి, తరగతి గది భయంలేని చోటు కావాలి, మనోక్షేమానికి లాలన అవసరం, భావాలు చెప్పుకోవడానికి భాష ముఖ్యసాధనం, ప్రతి ప్రవర్తనా ఏదో ఒకటి చెబుతుంది, ఒక దశ నుంచి మరో దశకు మారే సమయాలు పిల్లలకు కీలకం. చివరిదాన్ని మనవాళ్లు అంతగా పట్టించుకోరు గానీ, ఐదో తరగతి ఊళ్లో ముగించి ఆరో తరగతికి గురుకులంలో చేరే పదేళ్ల పిల్ల మొదటి నెల రోజులు ఎలా గడుపుతుందో చూసినవారికి దాని బరువు తెలుస్తుంది.

ఒక గదిలో జరిగేది బడి మొత్తానికి ఎలా పాకుతుందన్నది అసలు చిక్కుప్రశ్న. కూపర్, వైట్‌బ్రెడ్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి ఒక ఆధారం దొరుకుతుంది. 34 బడుల్లో 546 మంది పిల్లలను రెండేళ్ల పాటు గమనించారు. బాక్సల్ తరహా బృందాల్లో ఉన్న పిల్లలు మెరుగయ్యారు, అది ఊహించినదే. ఆ బృందాల్లో చేరకుండా, అవి ఉన్న బడుల్లోనే మామూలు తరగతుల్లో కూర్చున్న సమస్యాత్మక పిల్లల ప్రవర్తన సైతం అలాంటి బృందాలు లేని బడుల్లోని పిల్లలకంటే మెరుగ్గా మారింది. అంటే ఆ గదిలోని టీచర్లు స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడే తీరు, పిల్లల గురించి వాడే మాటలు మిగతా ఉపాధ్యాయుల మీద ప్రభావం చూపి ఉండాలి. రెండేళ్లకు మించి నడుస్తున్న బృందాలు కొత్తవాటికంటే ఎక్కువ ఫలితమిచ్చాయన్నది కూడా అదే అధ్యయనం తేల్చింది. ఒక విద్యా సంవత్సరంలో ‘రిజల్ట్’ అడిగే యాజమాన్యాలు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగాలి.

స్కాట్లాండ్ మరో అడుగు వేసింది. గ్లాస్గో నగరం ఈ బృందాలను విస్తరించి, ఆ సూత్రాలను నగరంలోని బడులన్నింటికీ వర్తింపజేసింది. దాంతో పాటు బడి నుంచి పిల్లల్ని బహిష్కరించడం అక్కడ బాగా తగ్గింది. 2017లో స్కాట్లాండ్ విద్యాశాఖ సంస్థ బడి మొత్తానికి ఈ విధానాన్ని ఎలా వర్తింపజేయాలో చెప్పే మార్గదర్శిని వెలువరించింది. బహిష్కరణలు తగ్గడానికి ఇదొక్కటే కారణమని చెప్పడం కష్టం. పైగా, తరగతుల్లో పిల్లల హింస పెరిగిందని, తమకు తగిన మద్దతు లేదని అక్కడి ఉపాధ్యాయ సంఘాలు కొన్నేళ్లుగా గట్టిగానే అంటున్నాయి. మనుషుల్ని, సమయాన్ని ఇవ్వకుండా సూత్రాలను మాత్రమే అందిస్తే జరిగేది అదే.

మనకు అన్నిటికంటే దగ్గరి, అన్నిటికంటే విలువైన ఆధారం మాత్రం బిహార్ నుంచి వచ్చింది. నలందా జిల్లాలోని 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహర్’ అనే కార్యక్రమాన్ని 2015–16లో పరీక్షించారు. గోవా కేంద్రంగా పనిచేసే సంగాథ్ సంస్థ, పరిశోధకుడు విక్రమ్ పటేల్ వంటివారు దీని వెనుక ఉన్నారు. ఫలితాలు 2018లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. బడులను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులో ప్రతి బడికీ పూర్తికాలం పనిచేసే ఒక సాధారణ కౌన్సెలర్. అంటే మనస్తత్వ శాస్త్ర నిపుణులు కారు, స్థానికంగా ఎంపికచేసి శిక్షణ ఇచ్చిన యువతీ యువకులు. రెండో గుంపులో అదే పనిని అదే బడి ఉపాధ్యాయుడికి అప్పగించారు. మూడో గుంపులో ఇవేవీ లేవు. ప్రభుత్వం నడిపే కౌమార విద్య తరగతులు మాత్రం మూడింటిలోనూ ఉన్నాయి.

ఆ కౌన్సెలర్ చేసే పనిలో విడిగా పిల్లలతో మాట్లాడటం ఒక భాగం మాత్రమే. బడి ఆరోగ్య కమిటీని నడపడం, అసెంబ్లీలో వేధింపులు, ఆడపిల్లల హక్కులు, చదువు తీరు వంటి విషయాలు మాట్లాడించడం, గోడపత్రిక తీసుకురావడం, పిల్లలు పేరు రాయకుండా వేయగల ఉత్తరాల పెట్టె పెట్టి అందులో వచ్చిన ఫిర్యాదులకు జవాబు దొరికేలా చూడటం, తోటి విద్యార్థుల బృందాలను నడిపించడం, ఉపాధ్యాయులకు క్రమశిక్షణ పద్ధతుల మీద కార్యశాలలు పెట్టడం, ఇవన్నీ ఉన్నాయి. ఫలితం ఆశ్చర్యపరిచేది. కౌన్సెలర్లు నడిపిన బడుల్లో బడి వాతావరణం గురించి పిల్లల అభిప్రాయం చాలా మెరుగుపడింది. కుంగుబాటు లక్షణాలు, ఏడిపించడం, హింస తగ్గాయి. రెండో ఏడాది కూడా కొనసాగించి చూస్తే తేడా ఇంకా పెరిగింది. ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో మాత్రం మూడో గుంపుతో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పే లేదు.

ఈ చివరి వాక్యాన్ని ఉపాధ్యాయుల మీద నేరారోపణగా చదవడం తొందరపాటు. పాఠాలు, పరీక్షలు, ఎన్నికల విధులు, సర్వేలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ఒకే మనిషి నెత్తిన ఉన్నప్పుడు పదకొండో పనిగా పిల్లల మనసు చూడమంటే ఆ పని జాబితాలో అడుగుకు జారిపోతుంది. మరుగుదొడ్ల ఫోటోలు కూడా యాప్‌లో ఎక్కించిన అనుభవం ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులకు ఉంది. ఇంకో కారణమూ ఉండవచ్చు: మార్కులు వేసే మనిషికి, బెత్తం పట్టిన మనిషికి పిల్లలు మనసులో మాట అంత తేలిగ్గా చెప్పరు. కనుక ‘బయాలజీ మేడమ్‌కు కౌన్సెలింగ్ బాధ్యత అదనంగా ఇచ్చాం’ అనే పరిష్కారం కాగితం మీదే నిలుస్తుందని ఈ అధ్యయనం సూచిస్తోంది. కౌన్సెలర్ వద్దని దీని అర్థం కాదు. బడి మొత్తాన్ని కదిలించే పని ఒకరి పూర్తికాలపు ఉద్యోగం కావాలి; ఆ వ్యక్తి గదిలో కూర్చుని పిల్లల రాకకోసం ఎదురుచూసే మనిషి కాకూడదు.

ఒక పీరియడ్ కేటాయిస్తే చాలునన్న ఆలోచన కూడా పరీక్షకు నిలవలేదు. బ్రిటన్‌లో 85 బడుల్లో, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో ధ్యాన శిక్షణను పాఠంగా చెప్పించి చూసిన పెద్ద అధ్యయనం 2022లో వెలువడింది. బడుల్లో మామూలుగా జరిగే బోధనకంటే అది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని మెరుగుపరచలేదు. ఢిల్లీలో 2018 నుంచి నడిచిన హ్యాపీనెస్ పాఠ్యప్రణాళిక వంటివాటికి వాటి విలువ వాటికి ఉండవచ్చు. కానీ నలభై నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టిన పిల్లవాడు, తరువాతి పీరియడ్‌లో స్లిప్ టెస్టు మార్కులు అందరి ముందూ చదివి వినిపించినప్పుడు ఏం నేర్చుకుంటాడు?

ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ పదునుగా తగులుతుంది. ఇక్కడి రెసిడెన్షియల్ కళాశాలల్లో పొద్దున్న స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే దినచర్య, వారాంతపు పరీక్ష, దాని మీద ర్యాంకు, ఆ ర్యాంకును బట్టి సెక్షన్ మారడం మామూలు విషయాలు. పై సెక్షన్‌కు అనుభవమున్న లెక్చరర్లు, కింది సెక్షన్‌కు కొత్తగా చేరినవారు. సెక్షన్ మారిన రోజున విద్యార్థి పోగొట్టుకునేది బోధన ఒక్కటే కాదు, రూమ్‌మేట్లను, పక్క బెంచీ స్నేహితుణ్ని కూడా. బాక్సల్ తన పిల్లల్ని అసలు తరగతి పట్టీలోనే ఉంచడం మీద ఎందుకంత పట్టుబట్టారో ఇక్కడ అర్థమవుతుంది. చదువులో వెనకబడినవారికి అదనపు సాయం ఇవ్వడం వేరు, వారి చోటు నుంచే పెకలించడం వేరు. బ్యాచ్‌ల విభజన వద్దన్న మాటను తీర్పు ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలను ఉద్దేశించి అన్నా, అది విద్యాసంస్థలన్నింటికీ వర్తిస్తుంది; ఇంటర్‌కీ కోచింగ్‌కీ మధ్య గోడ ఎప్పుడో చెరిగిపోయిన మన దగ్గర కళాశాలలూ దాన్ని అంతే గట్టిగా పాటించాలని నా అభిప్రాయం. ప్రత్యేక శ్రద్ధ అవసరమైన కోచింగ్ కేంద్రాల జాబితాలో హైదరాబాద్ పేరును న్యాయస్థానం నేరుగానే చెప్పింది.

హాస్టల్లో ఫోన్ సంగతి చూడండి. ఇంటికి మాట్లాడాలంటే ఒకే ఫోన్ దగ్గర వరుస, వెనక నిలబడినవాళ్లు తొందరపెడుతుంటారు, ఇన్‌ఛార్జ్ వినేంత దూరంలో ఉంటాడు. ‘బాగున్నావా నాన్నా’ అంటే ‘బాగున్నా’ తప్ప వేరే జవాబు ఆ చోట రాదు. అమ్మకు చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. కొత్త కౌన్సెలర్ రాకముందే, ఖర్చు లేకుండా మార్చగలిగిన సంగతి ఇది: ఫోన్ ఉన్న చోటు మార్చడం, పిల్లకు మాట్లాడే ఏకాంతం ఇవ్వడం, జ్వరంతో సిక్ రూమ్‌లో పడుకున్నవారికి వరుసతో పని లేకుండా చేయడం.

ఆదరణ అంటే గారాబం అనే అపోహ మన సిబ్బందిలోనూ తల్లిదండ్రుల్లోనూ బలంగా ఉంది. ‘దండం దశగుణం భవేత్’ అన్న మాట ఇప్పటికీ స్టాఫ్‌రూమ్‌లలో నవ్వుతూ చెప్పుకుంటారు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. ఉల్లంఘించినవారిపై శాఖాపరమైన చర్య ఉంటుందని కూడా చెప్పింది. బెత్తం కొంత తగ్గిందేమో గానీ, చాలాచోట్ల దాని స్థానంలోకి మాట వచ్చింది. ‘మీ అన్న ఎంత బాగా చదివేవాడు’, ‘మీ వాడలోవాళ్లకు ఇంతకంటే ఏమొస్తుందిలే’ లాంటి మాటలు చట్టం దృష్టిలో మానసిక వేధింపే. చివరిది కులాన్ని గుర్తుచేసే వేధింపు కూడా. ఆదరించే బడిలో నియమాలు తక్కువగా ఉండవు, నిజానికి మరింత స్పష్టంగా ఉంటాయి. తప్పు చేసిన విద్యార్థి దాని ఫలితం ఎదుర్కొంటాడు, కాకపోతే అది ముందే తెలిసిన ఫలితం, అందరికీ ఒకటే అయిన ఫలితం. పగలగొట్టిన కిటికీ బాగుచేయడంలో చేయి వేయించడానికీ, ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టడానికీ తేడా పిల్లలకు బాగానే తెలుసు.

గోప్యత విషయంలో ఇంకో చిక్కు ఉంది. ‘నీ మాట ఎవరికీ చెప్పను’ అని కౌన్సెలర్ ముందుగానే మాటివ్వకూడదు. లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్దేశిస్తోంది, దాచడం నేరం. కనుక ఏది దాచవచ్చో, ఏది చెప్పక తప్పదో మొదటి రోజే పిల్లలకు వారి భాషలో వివరించాలి. ఇది చెప్పని బడిలో, ఒక్క ఉదంతంలో నమ్మకం దెబ్బతింటే ఫిర్యాదుల పెట్టె ఆపై ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటుంది. ప్రాణానికి ముప్పు కనబడిన వేళ కుటుంబానికీ వైద్యుడికీ తెలియజేయాల్సిందే. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలి మానస్ సహాయవాణి 14416 నంబరును హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా పెట్టాలని తీర్పు చెప్పింది. ఆ నంబరును రాత్రి పదకొండు గంటలకు ఏ ఫోన్ నుంచి చేయాలో కూడా హాస్టల్ పిల్లలకు తెలియాలి.

అమలును చూసేందుకు జిల్లా స్థాయిలో కలెక్టర్ నాయకత్వాన పర్యవేక్షణ కమిటీలు ఉండాలని న్యాయస్థానం ఆదేశించింది. కమిటీలు లెక్కించగలిగినవాటినే లెక్కిస్తాయి: కౌన్సెలర్ నియామక పత్రం, శిక్షణకు హాజరైనవారి సంతకాలు, సురక్షితమైన ఫ్యాన్లు, గోడ మీద సహాయవాణి నంబరు. ఇవి అవసరమే. వీటికి తోడు ఫిర్యాదుల రిజిస్టరును తిరగేసినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నిజంగా మారుతున్న బడిలో మొదటి ఏడాది ఫిర్యాదులు పెరుగుతాయి, ఎందుకంటే చెబితే వింటారని పిల్లలకు అప్పుడే తెలుస్తోంది. ‘మా బడిలో ఒక్క ఫిర్యాదూ లేదు’ అనే ప్రిన్సిపాల్‌ను అభినందించి వెళ్లిపోయే కమిటీ, పనిచేస్తున్న బడిని శిక్షించి మూగబడికి బహుమతి ఇచ్చినట్టవుతుంది. ఈ ఏడాది ఎంతమంది సెక్షన్ మారారు, మధ్యలో టీసీ తీసుకున్నవారు ఎవరు, సెలవు తరువాత తిరిగి రానివారెందరు, వార్డెన్ ఎన్ని నెలలుగా పనిచేస్తున్నాడు, అతని కింద ఎంతమంది పిల్లలున్నారు, నైట్ డ్యూటీకి అతనికి బదులు మనిషి ఉన్నాడా అనే ప్రశ్నలకు జవాబులు కూడా ఆఫీసు రికార్డుల్లోనే దొరుకుతాయి. వాటిని అడిగే అధికారం కమిటీకి ఉంది.